చీమకుర్తి రాతినేలలో బెంటొనైట్ ఎర్తింగ్: ఏడేళ్ల వాడకం తర్వాత

చీమకుర్తి దగ్గర మా గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో ఉప్పు, బొగ్గు వేసిన పాత ఎర్తింగ్ గుంతకు బదులు 2018 డిసెంబరులో బెంటొనైట్ (నీళ్లు పీల్చి ఉబ్బే ఒక రకం బంకమట్టి) పొడితో రెండు ఎర్తింగులు వేయించాను. ఏటా మేలో ఒకసారి, వానలు వెలిశాక డిసెంబరులో ఒకసారి ఎర్తింగ్ నిరోధాన్ని కొలిచే ఎర్త్ మెగ్గర్‌తో కొలిపించి గోడ మీద రాసుకుంటున్నాను.

అంతకు ముందు వేసవిలో, ఎప్పుడూ తడిగా ఉండే మా షెడ్డులో ఒక కుర్రవాడు "అన్నా, మిషన్ ముట్టుకుంటే జివ్వుమంటా ఉంది" అన్నాడు. కొలిపిస్తే పాత గుంత నిరోధం 24 ఓములు చూపింది; ఇది ఎంత తక్కువైతే అంత మంచిది. అంత నిరోధం ఉన్నప్పుడు 230 వోల్టుల ఫేజు మిషన్ బాడీకి తగిలినా పారే కరెంటు పది ఆంపియర్లకు మించదు. కరెంటు పరిమితి దాటితే సరఫరా ఆపేసే 32 ఆంపియర్ల ఎంసీబీ దాన్ని మామూలు లోడే అనుకుని ఊరుకుంటుంది.

మా నేలలో రెండు మూరల గరుసు దాటితే రాయే కనుక, బోరు యంత్రంతో ఆరున్నర అంగుళాల వెడల్పున ఇరవై అడుగులు దించి, బోరు పొడవునా జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపు నిలబెట్టాము. ఎలక్ట్రోడ్ల మధ్య దూరం వాటి పొడవుకు రెట్టింపు ఉండాలన్న లెక్కతో రెండో బోరు నలభై అడుగుల అవతల వేయించాను. పొడి కన్నా బోరుకే ఎక్కువ ఖర్చయింది.

అసలు తేడా పొడి పోయడంలో వచ్చింది. మొదటి బోరులో పనివాళ్లు పొడిని అలాగే కుమ్మరించి పైన నీళ్లు పోశారు. రెండోదానికి నేను పట్టుబట్టి డ్రమ్ములో రాగిజావలా కలిపించి నెమ్మదిగా పోయించాను. మరుసటి మేలో లింకులు విప్పి విడివిడిగా కొలిస్తే మొదటిది 19, రెండోది 11 ఓములు. మొదటిదాని మూత తీసి చూస్తే, ఎండి ముడుచుకున్న బెంటొనైట్‌కూ పైపుకూ మధ్య నా చిటికెనవేలు దూరేంత సందు ఉంది. అమ్మినవారు "ఇక దాని జోలికి పోనక్కర్లేదు" అన్న మాట నిజం కాదు. సందులో జావ పోసి, వేసవిలో వారానికోసారి రెండు బిందెల నీళ్లు పోయిస్తున్నాను. ఈ పొడి చెమ్మను పట్టి ఉంచుతుందే గాని పుట్టించదు.

కొలతలోనూ జాగ్రత్త అవసరం. పని అప్పగించిన రోజు బోరు పక్కనే మెగ్గర్ మేకులు కొట్టి రెండు ఓములని చూపించారు. చివరి మేకు రెండు వందల అడుగుల దూరంలో, నడిమి మేకు అందులో 62 శాతం దూరంలో కొట్టించాకే అసలు అంకె బయటపడింది.

2025 మేలో రెండూ కలిపి 6 ఓములు. దానికీ ఎంసీబీ వెంటనే పడిపోదు కాబట్టి, కొద్దిపాటి కరెంటు నేలకు లీకైనా సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీలు కూడా పెట్టించాను. ఇందుకూరుపేటలో రొయ్యల చెరువులున్న మా బావమరిది ఉప్పునేలలో ఒట్టి పైపుతోనే ఇంతకన్నా తక్కువ సాధిస్తాడు గాని, ఆ పైపును ఉప్పు కొన్నేళ్లకే తినేస్తుంది. మా పాత గుంతలోనూ నట్లు అలాగే పొడిపొడి అయ్యాయి. బెంటొనైట్‌లోని పైపును మొన్న ఒక అడుగు మేర తవ్వి తుడిస్తే జింకు పూత ఇంకా మెరుస్తోంది. మూడో ఎర్తింగుకూ ఇదే పొడి తెస్తాను, డ్రమ్ములో కలిపేటప్పుడు మాత్రం నేనే నిలబడతాను.