సవన్నా వీజీ: కొనేముందు కిలోల లెక్క చూసుకోండి

ఇటలీలో అస్తీ (Asti) అనే ప్రావిన్సులో ఉన్న ఐసీపీ కంపెనీ ఈ రెండు సీట్ల విమానాన్ని కిట్‌గా, అంటే మనమే కట్టుకునే విడిభాగాలుగా ఇస్తుంది. రెక్క పైన ఉంటుంది, ఒళ్లంతా అల్యూమినియం రేకు. జెనిత్ సీహెచ్ 701 అనే చిన్న విమానాన్ని చూసినవాళ్లకు పోలిక ఇట్టే దొరుకుతుంది. మొదట్లో వచ్చిన సవన్నాల్లో రెక్క ముందంచున స్లాట్లు (slats) అనే పొడవాటి పలకలు ఉండేవి. వీజీ రకంలో అవి తీసేసి, రెక్క పైభాగాన వోర్టెక్స్ జనరేటర్లనే చిన్న చిన్న పలకల్ని వరసగా అతికించారు. నెమ్మదిగా ఎగిరే గుణం అలాగే ఉంది, గాలి నిరోధం తగ్గి వేగం పెరిగింది. మంచి మార్పే. విమానం తుడిచేటప్పుడు గుడ్డ తగిలి ఒకటీ అరా ఊడుతుంటాయి కాబట్టి, ఎగిరేముందు రెండు రెక్కల మీదా లెక్కపెట్టాలి.

రేకు పని భయపడేంతది కాదు. రంధ్రాలు ముందే వేసి వస్తాయి. క్లీకోలతో (రేకుల్ని తాత్కాలికంగా పట్టి ఉంచే క్లిప్పులతో) బిగించి, రంధ్రం అంచుల గరుకు తీసి, రెండు రేకులు కలిసే చోట ప్రైమర్ పూసి, అప్పుడు రివెట్ కొట్టాలి. గరుకు తీయకపోతే రేకులు ఒకదానికొకటి అతుక్కుని కూర్చోవు, రివెట్ మెల్లగా వదులవుతుంది. కొన్నాళ్లకు రివెట్ తల చుట్టూ నల్లటి మసి కనిపిస్తే అక్కడ రేకు కదులుతోందన్నమాట. అసలు కాలం తినేది ఇంజిన్ గది: గొట్టాలు, వైర్లు, కూలింగ్.

ఇక బరువు. యూరప్‌లో చాలాకాలం ఇలాంటి తేలికపాటి విమానాల తరగతికి మనుషులు, పెట్రోలుతో కలిపి మొత్తం బరువు పరిమితి 450 కిలోలు, పారాచూట్ పెడితే 472.5. రోటాక్స్ 912 ఇంజిన్‌తో కట్టిన విమానం ఖాళీగా 290 కిలోలు తూగిందనుకోండి. మిగిలేది 160. ఎనభేసి కిలోల మనుషులిద్దరు ఎక్కితే పెట్రోలుకు చోటే లేదు! రెక్కల్లోని రెండు ట్యాంకులు కలిపి 70 లీటర్లు నింపితే, లీటరుకు 0.72 కిలోల చొప్పున 50 కిలోలు. అందుకే మందంగా రంగు, మెత్తటి సీట్లు, రెండో స్క్రీన్ లాంటివి చేర్చే ముందు ప్రతిదాన్నీ తూచండి. పని పూర్తయ్యాక మూడు చక్రాల కింద మూడు తూకాలు పెట్టి, విమానాన్ని మట్టంగా నిలిపి తూచాలి. కాగితం మీద కూడిన మొత్తాన్ని నమ్మొద్దు.

రోటాక్స్ నమ్మకమైన ఇంజినే, కానీ దాని పద్ధతులు దానివి. నూనె చూసేముందు ఇగ్నిషన్ ఆపి, ప్రొపెల్లర్‌ను తిరిగే దిశలోనే చేత్తో తిప్పుతూ ఉండాలి. ట్యాంకులో గుటగుటమని శబ్దం వచ్చాకే కొలకర్ర చూడాలి. వెనక్కి తిప్పితే నూనె దారిలో గాలి చేరుతుంది. నూనె 50 డిగ్రీలు దాటాకే టేకాఫ్. రోజుకొక్కసారైనా 100 డిగ్రీలకు చేరాలి, లేకపోతే లోపల చేరిన తేమ పోదు. ఐడిల్ (థ్రాటిల్ మూసినప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) మరీ తగ్గించి ఉంచితే గేర్‌బాక్స్ కొట్టుకుంటుంది. రెండు కార్బురేటర్లూ సమంగా లాగకపోయినా అంతే. కార్బురేటర్ ఫ్లోట్లు (లోపల పెట్రోలు మీద తేలే బెండ్లు) పెట్రోలు పీల్చి బరువెక్కుతాయి. ఒక కార్బురేటర్‌లోని జత 7 గ్రాములు దాటితే మార్చేయాలి. రబ్బరు గొట్టాలకు, కార్బురేటర్ రబ్బరు సాకెట్లకు 5 ఏళ్లే ఆయుష్షు. పైకి బాగానే కనిపిస్తున్నాయని వదిలేయడం చాలామంది చేసే తప్పు.

గాల్లో దీన్ని పట్టుకోవడం తేలికే, దించడం నేర్చుకోవాలి. తేలికైన ఒళ్లు, ఎక్కువ నిరోధం. థ్రాటిల్ మూయగానే వేగం కరిగిపోతుంది. ఇంజిన్ ఆగితే ఆలోచన తర్వాత, ముందు ముక్కు దించాలి. బరువైన శిక్షణ విమానాల మీద నేర్చుకున్నవాళ్లు ఇక్కడే ఆలస్యం చేస్తారు. విమానాన్ని పక్కకు వాల్చే ఐలరాన్, నెమ్మదిగా దిగడానికి కిందికి దించే ఫ్లాప్ రెండూ ఒకే పలక. ఫ్లాప్ దించినప్పుడు పక్కకు వాల్చడం మందగిస్తుంది, ముక్కు అవతలి వైపు లాగుతుంది. పెడల్‌తో సరిచేస్తూ ఉండాలి. పక్కగాలి గట్టిగా ఉంటే పూర్తి ఫ్లాప్ వాడకపోవడమే మేలు.

ముక్కు చక్రాన్ని నేలకు కొట్టనివ్వొద్దు. మొదట వెనక చక్రాల్ని నేలకు ఆననిచ్చి, స్టిక్ వెనక్కి పట్టే ఉంచి, ముక్కును వీలైనంత ఆలస్యంగా దించాలి. గట్టిగా తగిలితే ముక్కు చక్రం కాలు వంగడంతో ఆగదు, దెబ్బ ఫైర్‌వాల్‌కు (ఇంజిన్ గదికీ కాక్‌పిట్‌కూ మధ్య గోడకు) పాకుతుంది. అలా దిగిన ప్రతిసారీ కౌలింగ్ (ఇంజిన్ మీది మూత) విప్పి, కాలు బిగించిన చోట రేకు ముడత పడిందా, రివెట్లు కదిలాయా అని టార్చి వేసి చూశాకే మళ్లీ ఎగరాలి.