ఏథెన్స్ కుమ్మరివాడ, కోరింథ్, మైసీనీ: తవ్వకాల చుట్టూ ఆరు రోజులు

గ్రీసు రాజధాని ఏథెన్స్‌లో ఎయిర్‌పోర్టు మెట్రో దిగి పైకి వస్తుండగానే, సింతగ్మా స్టేషన్‌లోనే మా యాత్ర మొదలైపోయింది. అక్కడ ఒక గోడకి అద్దం బిగించారు. దాని వెనక మట్టి పొరలు పొరలుగా కోసినట్టు కనిపిస్తుంది. ఒక పొరలో సమాధి, అందులో ఎముకలు. 1990లలో మెట్రో కోసం తవ్వుతుంటే బయటపడ్డవి. ఆఫీసులకి పరిగెత్తే జనం ఎవరూ అటు చూడరు. మా అక్క మాత్రం సూట్‌కేసు పక్కన పెట్టి పది నిమిషాలు కదల్లేదు. "ఏమే, ఇదంతా ఊరికే చూపిస్తున్నారా?" అంది.

నాలుగు రాత్రులు ఏథెన్స్‌లో, ఒకటి నాఫ్‌ప్లియోలో, చివరిది మళ్లీ ఏథెన్స్‌లో. కొండ మీద పాత గుళ్లుండే అక్రోపోలిస్ సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తాను: గేటు తీసే వేళకి వెళ్లండి, ఎండ ముదరకముందే దిగిపోండి. మేం వెళ్లినప్పుడు టికెట్ 30 యూరోలు. పది దాటితే తిరుమల క్యూలైనే. కింద ఉన్న మ్యూజియం మాత్రం వదలొద్దు. నేలంతా అద్దం, ఆ అద్దం కింద ఒక పాత పేట: గదులు, బావులు, కాలవలు.

మాకు నచ్చింది కెరామైకోస్. పేరుకి అర్థం కుమ్మరివాడ, అంతే. ఎరిదనోస్ అనే చిన్న వాగు పక్కన కుండలు చేసుకునేవాళ్లు ఉండేవారు. క్రీ.పూ. 478లో కట్టిన ఊరి గోడ ఈ పేటని రెండుగా చీల్చింది. గోడ బయట, దారికి అటూ ఇటూ, శ్మశానం. జర్మన్ పురావస్తు సంస్థ 1913 నుంచి ఇక్కడ తవ్వుతోంది. ఆ వాగు ఇప్పటికీ గడ్డి మధ్యలో సన్నగా పారుతుంది, గట్టు మీద తాబేళ్లు ఎండ కాచుకుంటాయి. అక్రోపోలిస్ మీద వేలమంది ఉన్న పొద్దున ఇక్కడ మాతో కలిపి పదిహేను మంది.

సమాధి రాళ్లలో డెక్సిలియోస్‌ది ముందు చూడండి. గుర్రం మీది కుర్రాడు కిందపడ్డ శత్రువుని బల్లెంతో పొడుస్తుంటాడు. క్రీ.పూ. 394లో యుద్ధంలో పోయాడు, అప్పటికి ఇరవై ఏళ్లు. దారి పక్కన పెట్టింది నకలు, అసలుది పక్కనే ఉన్న చిన్న మ్యూజియంలో. అక్క చూడగానే "మన వీరగల్లే కదే" అంది. డబ్బున్నవాళ్లు ఇలా పోటీలు పడి సమాధులు కట్టుకుంటుంటే క్రీ.పూ. నాలుగో శతాబ్దం చివర్లో ఫలెరోన్ దెమెత్రియోస్ అనే పాలకుడు చట్టం తెచ్చి ఆపించాడు. ఆ తర్వాతివన్నీ మోకాలెత్తు గుండ్రటి రాతి మొద్దులే, పొలంలో సరిహద్దు రాళ్లలా.

మ్యూజియంలో నన్ను నిలబెట్టినవి కుండపెంకులు. ఎవరినైనా పదేళ్లు ఊరినుంచి వెళ్లగొట్టాలంటే పెంకు మీద వాడి పేరు గీకి ఓటేసేవారు. ఇక్కడ వేలకొద్దీ దొరికాయి. అక్రోపోలిస్ ఉత్తరపు వాలులో ఇంకో తమాషా. 1937లో ఒక బావిలో 190 పెంకులు బయటపడ్డాయి, దాదాపు అన్నిటి మీదా అప్పటి పెద్ద నాయకుడు తెమిస్తోక్లీస్ పేరే. చేతిరాత పోల్చి చూస్తే రాసింది పద్నాలుగు మందే. ముందే రాయించి పంచడానికి పెట్టుకున్నవన్నమాట. పోలింగ్ బూత్ బయట టేబుల్ వేసుకుని స్లిప్పులు పంచే మనవాళ్లే గుర్తొచ్చారు.

ఇదే చోటికి దగ్గర్లో, 1994-95లో మెట్రో పనుల ముందు తవ్వితే ఒకే గోతిలో సుమారు 150 మంది శవాలు కనిపించాయి. క్రీ.పూ. 430 నాటి మహమ్మారి కాలంవి. పైకొచ్చేకొద్దీ ఒక వరసంటూ లేకుండా పడేశారు. అందులో ఒక పదకొండేళ్ల పిల్ల పుర్రె నుంచి ముఖాన్ని మళ్లీ తయారుచేసి మిర్తిస్ అని పేరు పెట్టారు. కోవిడ్ తర్వాత ఇవన్నీ చదవడం కష్టమే.

బస గురించి. కెరామైకోస్‌కి నడిచి వెళ్లే దూరంలో మెటాక్సుర్గియో పేటలో అపార్ట్‌మెంట్ తీసుకున్నాం, రాత్రికి 70 యూరోలు. లిఫ్ట్‌లో మనిషైనా పట్టాలి, సూట్‌కేసైనా పట్టాలి. ఏసీ ఉందని రాశారు, పనిచేస్తుందని రాయలేదు. ఓనర్‌కి మెసేజ్ పెడితే మర్నాడు సాయంత్రం నవ్వుతున్న బొమ్మ పంపాడు. ఇంకోటి, బాత్రూంలో కాగితం కమోడ్‌లో వేయకూడదు, బుట్టలో వేయాలి. దేశమంతా దాదాపు ఇదే పద్ధతి. పేట రాత్రిపూట కాస్త బోసిగా ఉంటుంది. మళ్లీ వెళ్తే థిస్సియో వైపు ఇంకో ఇరవై యూరోలు పెట్టి ఉంటాను.

శాకాహారులు టెన్షన్ పడక్కర్లేదు. "నిస్తీసిమో" అనండి, ఉపవాసాల్లో తినేది అని అర్థం. టమాటా గుజ్జులో ఉడికిన పెద్ద చిక్కుడు గింజలు, నిమ్మకాయ పిండిన ఆకుకూర తెచ్చిపెడతారు. కారం ఉండదు. పచ్చడో పొడో దగ్గరుంచుకోండి.

కోరింథ్‌కి సబర్బన్ రైలెక్కి వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. స్టేషన్ ఉండేది కొత్త ఊళ్లో. తవ్వకాలున్న పాత ఊరు అక్కడికి కొన్ని కిలోమీటర్లు, టాక్సీ తప్పదు. వెనక్కి వచ్చేటప్పుడు దొరకదు, ఎక్కిన టాక్సీవాడి నంబరు తీసుకోండి. అమెరికన్ బృందం 1896 నుంచి తవ్వుతున్న చోటిది. అపోలో గుడివి ఏడు స్తంభాలు నిలబడి ఉన్నాయి. రోమన్లు క్రీ.పూ. 146లో ఊరిని నాశనం చేస్తే జూలియస్ సీజర్ క్రీ.పూ. 44లో మళ్లీ నిలబెట్టించాడు, అందుకే కంటికి కనబడే రాళ్లలో ఎక్కువ రోమన్లవే. మ్యూజియంలో ఒక గది మాత్రం రెండుసార్లు చూశాం. వైద్యదేవుడు అస్క్లెపియోస్‌కి రోగులు సమర్పించిన మట్టి చేతులు, కాళ్లు, చెవులు, దాదాపు అసలు సైజులో. కళ్లజబ్బు తగ్గితే మనం వెండి కళ్లు హుండీలో వేస్తాం కదా, అదే మొక్కు, మట్టిలో.

నాఫ్‌ప్లియోలో మెట్ల వీధిలో ఒక పెద్దావిడ నడిపే గదుల్లో దిగాం. తొంభై మెట్లు, మోకాళ్లుంటేనే. పెరుగూ తేనే మాత్రం అమృతం. అక్కణ్ణించి మైసీనీకి బస్సులు తక్కువ, టాక్సీ మాట్లాడుకుంటే రెండు గంటలు ఆగాడు. మైసీనీ పాత కోట. సింహాల బొమ్మ చెక్కిన ద్వారం దాటగానే కుడిపక్కన గుండ్రటి రాతి దడి, లోపల గోతులు. 1876లో ష్లీమన్ అనే జర్మన్ తవ్వకాలు జరిపి బంగారు ముసుగులు తీసింది వీటిలోంచే. ఒకదాన్ని ట్రాయ్ యుద్ధం కథలోని గ్రీకు రాజు అగమెమ్నోన్ ముఖం అన్నాడు గానీ, ఆ ముసుగు ట్రాయ్ యుద్ధం జరిగిందని చెప్పే కాలానికి కనీసం మూడొందల ఏళ్లు ముందుది. ఇప్పుడు అక్కడ గోతులే, బంగారం ఏథెన్స్‌లో. నీడ లేదు, నీళ్ల బాటిల్ కిందే నింపుకోండి.

అందుకే ముందు తవ్వకాలు, ఆఖరున ఏథెన్స్ జాతీయ పురావస్తు మ్యూజియం అనుకున్నాం. తీరా మంగళవారం పొద్దున తొమ్మిదికి వెళ్తే తలుపులు మూసి ఉన్నాయి. మంగళవారాలు ఒంటిగంటకి తీస్తారట, చూసుకోకపోవడం నా తప్పే. అక్క నాలుగు గంటలు కాఫీ తాగుతూ నన్ను సాధించింది.

లోపల ముసుగు చుట్టూ జనం. మేం దిపిలోన్ జాడీ దగ్గరికెళ్లాం. క్రీ.పూ. ఎనిమిదో శతాబ్దిది, కెరామైకోస్‌లో ఒక ఆవిడ సమాధి మీద గుర్తుగా నిలబెట్టింది. ఒళ్లంతా గీతలు, మధ్యలో చిన్న చట్రం. పాడె మీద శవం, రెండు పక్కలా తలమీద చేతులు పెట్టుకుని ఏడ్చేవాళ్లు. ఎత్తు 1.55 మీటర్లు. అక్కది ఐదడుగుల ఒక అంగుళం. పక్కన నిలబడితే సరిగ్గా సమానం. ఫోటో తీయబోతుంటే గార్డు వచ్చి, కాస్త వెనక్కి జరగమని అక్కకి చేత్తో సైగ చేసింది.