కిరీటాలు కోసేస్తున్న తెరలు

పాత సినిమాలకు రంగు వెయ్యొచ్చా కూడదా అన్న వాదన ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. నాకు రంగుతో పేచీ తక్కువ, ఫ్రేమును కోసేవాళ్ళతోనే అసలు పేచీ. ‘మాయాబజార్’, ‘మిస్సమ్మ’, ‘రామాయణ్’, ‘అమృతం’ లాంటివి 55 అంగుళాల టీవీలో కేబుల్ మీదా, యూట్యూబ్‌లోనూ, డిస్కుల్లోనూ ఏళ్ళ తరబడి చూసి చూసి గట్టిపడిన అభిప్రాయం ఇది.

లెక్క చిన్నదే. వెడల్పుకీ ఎత్తుకీ నిష్పత్తి చూస్తే 1950ల సినిమా బొమ్మ 1.37:1, పాత దూరదర్శన్ బొమ్మ 4:3. రెండూ దాదాపు ఒకటే. ఇప్పటి టీవీ 16:9. బొమ్మ సరిగ్గా కూర్చోవాలంటే తెరకు రెండు పక్కలా చెరో ఎనిమిదో వంతు నల్లగా మిగలాలి. ఆ నలుపు కనబడకూడదని బొమ్మను అడ్డంగా సాగదీస్తారు, లేదా పైనా కిందా కోసి నింపుతారు. సాగదీస్తే మనుషులు మూడో వంతు లావెక్కుతారు. కోస్తే దాదాపు నాలుగో వంతు బొమ్మే మాయం. రెండిట్లో కోతే దుర్మార్గం. సాగినదాన్ని మళ్ళీ నొక్కుకోవచ్చు, తెగినది తిరిగి రాదు.

సాంఘికాల్లో నుదురు కాస్త తెగినా సర్దుకుపోవచ్చు. పౌరాణికాల్లో అలా కుదరదు. కృష్ణుడికి తల మీద కిరీటం, దాని మీద నెమలి పింఛం. వాటికి చోటు వదిలే ఫ్రేము కట్టారు. కోత పెట్టిన ప్రింటులో ఎన్టీఆర్ నడుము పైనుంచి కనబడే షాట్లు చూడండి, పింఛం సగంలో తెగి ఉంటుంది. ‘వివాహ భోజనంబు’లో ఎస్వీఆర్ ఒళ్ళు పెంచుకుంటూ పోతాడు. ఆ పెరగడమంతా నిలువులోనే ఉంది, నిలువు కోసేస్తే ఘటోత్కచుడు ఎంతవాడయ్యాడో తెలిసేదెలా? ‘లాహిరి లాహిరి’లో కెమెరామన్ మార్కస్ బార్ట్లీ వెన్నెల పడేది పడవ చుట్టూ ఉన్న నీళ్ళ మీద. కోశాక మొహాలు మిగులుతాయి, నీళ్ళు తరిగిపోతాయి.

మీరు చూస్తున్నది ఏ రకమో తెలుసుకోవడానికి ‘వివాహ భోజనంబు’లో ఎగిరొచ్చే లడ్డూలను చూడండి. గుండ్రంగా ఉంటే బొమ్మ సాగలేదు. కోడిగుడ్డు ఆకారంలో పడుకుని ఉంటే సాగదీశారు. వేరే సినిమా అయితే రథచక్రమో, చందమామో, గోడ గడియారమో పనికొస్తుంది. లడ్డూలు గుండ్రంగానే ఉండి తెర మొత్తం నిండిందంటే మాత్రం కోశారన్నమాటే. టైటిళ్ళలో పై వరుస అక్షరాలకు తలకట్లు తెగాయేమో చూస్తే ఖాయమైపోతుంది.

సాగిన బొమ్మకు మందు ఉంది. టీవీ పిక్చర్ సైజులో 4:3 పెట్టండి, వెడల్పు నొక్కుకుని లడ్డూ గుండ్రమవుతుంది. అంతకుముందు సెట్‌టాప్ బాక్సు సెట్టింగుల్లో ‘ఫుల్’ బదులు ‘ఒరిజినల్’ లేదా ‘పిల్లర్‌బాక్స్’ (పక్కల నలుపు వదిలేది) పెట్టి చూడాలి, చాలాసార్లు సాగదీసేది బాక్సే. కేబుల్ అబ్బాయి వచ్చి వెళ్ళిన ప్రతిసారీ ఇది మళ్ళీ ‘ఫుల్’కు మారిపోతుంది, గమనించుకోండి. ఓవర్‌స్కాన్ కూడా ఆపెయ్యాలి, అది అంచుల్ని ఊరికే తినేస్తుంది. టీవీలో ‘స్క్రీన్ ఫిట్’ లేదా ‘జస్ట్ స్కాన్’ పెడితే అది ఆగుతుంది. కంప్యూటర్లో వీఎల్‌సీ ప్లేయర్‌లో చూస్తుంటే ‘ఏ’ మీట నొక్కుతూ పోతే నిష్పత్తి మారుతుంది.

రంగుల ‘మాయాబజార్’ సంగతి. 2010 జనవరిలో హైదరాబాద్ సంస్థే ఒకటి రంగులద్ది, చుట్టూ స్పీకర్లలో వినిపించే డీటీఎస్ శబ్దం చేర్చి, సినిమాస్కోప్‌లో, అంటే 2.35:1 వెడల్పు బొమ్మగా విడుదల చేసింది. శబ్దం మీద పడ్డ శ్రమ మెచ్చుకోదగ్గది. రచయిత పింగళి మాట ఒక్కటి కూడా నలగదు. నలుపు-తెలుపు అంటేనే లేచిపోయే పిల్లలు దీన్ని కదలకుండా చూస్తారు, అదీ గొప్పే. కానీ 1.37 బొమ్మను 2.35కు కోతతోనే తేవాలంటే నిలువులో 42 శాతం పోవాలి. కొంత కోసి కొంత సాగదీసినా ఆ ఫ్రేము ఇక బార్ట్లీది కాదు. కొన్ని పాటలు, పద్యాలు కూడా తగ్గాయి. శబ్దం బాగుందన్నాను గానీ, ఘంటసాల గొంతు ఒక్క స్పీకరు కోసం కలిపిన మోనోలోనే నాకు దగ్గరగా వినిపిస్తుంది. పిల్లలకు మొదటిసారి చూపించడానికి రంగుది పెట్టండి, రెండోసారి 1957 నాటిదే పెట్టండి.

వెడల్పు సినిమాలకు పాత టీవీల్లో దీనికి తిరగేసిన అన్యాయం జరిగింది. 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’ తెలుగులో తొలి సినిమాస్కోప్. కెమెరామన్ వి.ఎస్.ఆర్. స్వామి అడవినీ గుంపుల్నీ అంచు నుంచి అంచు దాకా పరిచాడు. 4:3లో నింపి చూపితే అందులో 43 శాతం పోతుంది. దాన్ని పెద్ద తెర మీద పైనా కిందా నలుపుతో చూస్తే వేరే సినిమాలా ఉంటుంది.

సీరియళ్ళ గురించి మొహమాటం లేకుండా చెప్పాలంటే, ‘రామాయణ్’ ఇప్పుడు నెమ్మది. ఒక మాటకు సభలో పది మొహాలు చూపిస్తారు. అరవింద్ త్రివేది రావణుడు, రవీంద్ర జైన్ పాటలు మాత్రం చెక్కుచెదరలేదు. కథనంలో ‘మహాభారత్’ చాలా మెరుగు, రాహీ మాసూమ్ రజా సంభాషణలే దానికి వెన్నెముక. వీటితో ఇంకో తంటా ఇంటర్లేసింగ్. పాత ప్రసారంలో సెకనుకు 50 సగం బొమ్మలు వస్తాయి. వాటిని సరిగ్గా కలపకపోతే బాణం వదిలినప్పుడు చేతి అంచుల్లో అడ్డగీతలు పడతాయి. డిస్కు నుంచి చూస్తుంటే వీఎల్‌సీలో డీఇంటర్లేస్ ఆన్ చేసి ‘యాడిఫ్ 2ఎక్స్’ పెడితే పోతాయి. యూట్యూబ్‌లో ఎక్కించినదానిలోనే గీతలుంటే చేసేదేమీ లేదు.

‘అమృతం’ నన్ను ఆశ్చర్యపరిచింది. 2001లో మొదలైన 4:3 సీరియల్, బొమ్మ నాణ్యత అంతంతే, అయినా నిలబడింది. గుండు హనుమంతరావు ఆంజనేలు ఒక ఐడియా చెబుతుండగానే పక్కనున్న వాళ్ళ మొహాలు మారడం అదే ఫ్రేములో కనబడుతుంది. అప్పాజీ, సర్వం పాత్రలు ఉంటే ఏ ఎపిసోడైనా గట్టెక్కుతుంది. అన్నీ ఒకే స్థాయి కాదు, హీరో పాత్ర చేతులు మారినప్పుడల్లా కాస్త జారింది. నా ఓటు శివాజీరాజా ఎపిసోడ్లకే.

ఏది పెట్టినా మోషన్ స్మూతింగ్ ఆపెయ్యండి. సోనీలో మోషన్‌ఫ్లో, ఎల్‌జీలో ట్రూమోషన్, పాత శామ్‌సంగ్‌లలో ఆటో మోషన్ ప్లస్, కొత్తవాటిలో పిక్చర్ క్లారిటీ. సినిమాకు సెకనుకు 24 బొమ్మలే. మధ్యలో టీవీ సొంతంగా బొమ్మలు పుట్టిస్తే ‘అహ నా పెళ్ళియంట’లో సావిత్రి చేతుల చుట్టూ నీడ లాగుతుంది. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అదొక్కటి నొక్కితే చాలు, బొమ్మలోని గరుకును చెరిపేసే ‘నాయిస్ రిడక్షన్’ కూడా ఆగిపోతుంది.

పెద్ద టీవీ కొనమంటానా అంటే, ఇంటిని బట్టి. మా హాల్లో సోఫాకీ తెరకీ ఎనిమిది అడుగులు. మంచి ప్రింటు దొరికితే 55 అంగుళాలు పండగే. కానీ పాత సీరియళ్ళకు ఆ సైజు ఎక్కువే, యూట్యూబ్ గళ్ళన్నీ బయటపడతాయి, 43 చాలు. ఓఎల్ఈడీ రకం టీవీ అయితే రోజంతా 4:3 పెట్టి ఉంచకండి, పక్కల నలుపుకూ మధ్య బొమ్మకూ అరుగుదలలో తేడా వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళు పక్కన నలుపేంటని గొణిగితే, నాలుగు రోజులు సాగదీసిన బొమ్మే ఉంచి ఐదో రోజు లడ్డూలు చూపించండి.