వీలునామా అని చెప్పి దాన దస్తావేజు రాయించారు: శ్రీకాకుళం పరిసరాల వారు జాగ్రత్త

‘వీలునామాలు, ఆస్తి పంపకాలు, రిజిస్ట్రేషన్లు అన్నీ మేమే చూసుకుంటాం’ అని శ్రీకాకుళంలో బోర్డు పెట్టుకున్న ఒక సలహా కార్యాలయం మా పెద్దమ్మను నిలువునా ముంచింది. పేరు ఇక్కడ రాయడం లేదు. వాళ్లు పని చేసే తీరు తెలిస్తే చాలు, మీరే గుర్తుపడతారు.

పెద్దమ్మ కోరింది ఒక్కటే. నరసన్నపేటలో పెదనాన్న ఆమె పేరున కట్టిన ఇల్లు, ఆమె తదనంతరం కొడుక్కీ కూతురికీ చెరిసగం చెందాలి. వాళ్లు రాసింది దాన సెటిల్మెంట్ దస్తావేజు. అంటే ఇల్లు ఆ రోజే పిల్లల పరమైంది. దానం తీసుకుంటున్నామని పెద్దమ్మ పిల్లలు అన్నయ్య, అక్క చేత పెట్టించిన ఒప్పుకోలు సంతకాలను సాక్షి సంతకాలన్నారు. సబ్ రిజిస్ట్రారు ఏది అడిగినా అవునని చెప్పమని పెద్దమ్మకు ముందే నేర్పారు. చదువు రాని మనిషి, అలాగే చెప్పింది.

మోకాలి ఆపరేషనుకు ఇంటి మీద అప్పు కోసం బ్యాంకుకు వెళ్తే, ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) చూసి ‘అమ్మా, ఇల్లు మీది కాదు’ అన్నారు. ఆ మాట విన్నప్పుడు ఆమె ముఖం చూసినవాళ్లం మేము. అన్నయ్య, అక్క మంచివాళ్లు కాబట్టి తిరిగి రాసి ఇస్తున్నారు. దానికి మళ్లీ స్టాంపు డ్యూటీ, మళ్లీ రిజిస్ట్రేషను ఖర్చు. పిల్లలు ఒప్పుకోకపోతే? వాళ్లలో ఒకరి అప్పుకు కోర్టు జప్తు వచ్చి ఉంటే?

ఎందుకు చేశారంటే, ఆ కార్యాలయం తీసుకునే ఫీజు ఆస్తి మార్కెట్ విలువలో శాతం. వీలునామాకు అంత అడిగితే ఎవరూ ఇవ్వరు. అసలు వీలునామాకు స్టాంపు డ్యూటీయే లేదు. తెల్ల కాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేస్తే చెల్లుతుంది. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. కాబట్టి వీలునామాకు స్టాంపుల ఖర్చంటూ డబ్బు అడిగారంటే అక్కడే లేచి వచ్చేయండి. ఆస్తి పొందేవారినే సాక్షులుగా రమ్మన్నా అంతే.

పత్రంలో ‘నా తదనంతరం’ అని ఉందా, ‘నేటి నుండి సర్వహక్కులతో’ అని ఉందా, సంతకానికి ముందు మీ మనిషి చేత చదివించుకోండి. వీలునామాను బతికి ఉన్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. దానం అలా కాదు, ఇచ్చాక వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. పిల్లలకు ఇప్పుడే ఇవ్వాలనుకునే పెద్దలు, తమను పోషించాలనే షరతును దస్తావేజులోనే రాయించండి. వాళ్లు చూడకపోతే 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టం 23వ సెక్షను కింద ఆ బదిలీని రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. షరతు లేని కాగితంతో ఆ పోరాటం బరువెక్కుతుంది.

సలహా కావాలంటే బార్ కౌన్సిల్ నమోదు సంఖ్య చూపించే న్యాయవాదిని పట్టుకోండి, ఫీజు ముందే మాట్లాడుకోండి, రశీదు అడగండి. డబ్బు లేదని వెనకాడవద్దు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది, 15100కు ఫోను చేసినా చెబుతారు.

ఇలాంటి కార్యాలయాల్లో ఇప్పటికే ‘వీలునామా’ రిజిస్టరు చేయించుకున్నవారు ఈ వారమే ఈసీ తీయించండి. వీలునామా ఈసీలో కనిపించదు. మీ ఇంటి మీద కొత్త లావాదేవీ ఏదైనా కనిపిస్తే, మీ చేత సంతకం పెట్టించింది వీలునామా మీద కాదు.