సోలార్ లాయరు: కంపెనీ ఉద్యోగమా, బ్యాంకు తరఫు పనా, ఇక్కడే ప్రాక్టీసా? ఏది మేలు?

నల్లగొండ, మహబూబ్‌నగర్ కోర్టుల్లో మూడు నాలుగేళ్లు సివిల్ పని చేసినవాళ్లకు సోలార్‌లో మూడు దారులున్నాయి. ప్లాంటు పెట్టే కంపెనీలో లీగల్ ఉద్యోగం, దానికి అప్పిచ్చే బ్యాంకు తరఫున పనిచేసే హైదరాబాద్ లా ఫర్మ్, లేదా సనదు (వకీలు లైసెన్సు) చేతిలో ఉంచుకుని ఇక్కడినుంచే టైటిల్ రిపోర్టులు, అంటే భూమి ఎవరిదో తేల్చే నివేదికలు, రాసివ్వడం. ముగ్గురూ చూసేవి అవే భూమి కాగితాలు. లోపం పట్టుకోవడంతో బ్యాంకు లాయరు బాధ్యత ముగుస్తుంది, దాన్ని సరిచేయించేదాకా కంపెనీ లాయరుకు నిద్ర ఉండదు.

మెగావాటుకు నాలుగైదు ఎకరాలు కావాలి. పది మెగావాట్లంటే నలభై యాభై ఎకరాలు, పాలమూరు ఊళ్లలో అది చాలామంది పట్టాదార్ల చేతుల్లో ముక్కలై ఉంటుంది. భూమి ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో చెప్పే పాత రికార్డులైన పహాణీలను 1954-55 ఖాస్రా పహాణీ నుంచి మొదలుపెట్టి చేసాల పహాణీ, ఆ తర్వాతివి వరుసగా చూసి ఇప్పటి ఆన్‌లైన్ రికార్డు భూభారతి దాకా రావాలి. ఆన్‌లైన్‌లో పేరు శుభ్రంగా ఉందని ఆగిపోయారా, దెబ్బ తింటారు. వెనక రక్షిత కౌలుదారుకు 38-ఇ సర్టిఫికెట్ (కౌలుదారునే యజమానిని చేసే పత్రం) ఉండొచ్చు. ఇనాం భూమికి ఓఆర్‌సీ (ఆక్యుపెన్సీ హక్కు పత్రం) తీసుకుని ఉండకపోవచ్చు. 1958 తర్వాతి లావుణి పట్టా (ప్రభుత్వం అసైన్ చేసిన భూమి) అయితే ఇంకా కష్టం: 1977 అసైన్డ్ భూముల చట్టం బదిలీని నిషేధిస్తుంది, అందులో బదిలీ అంటే అమ్మకమే కాదు, లీజు కూడా. అన్నిటికన్నా ఎక్కువ తగిలేది పౌతి (వారసత్వపు పేరు మార్పు) గొడవ. తండ్రి పోయాక కొడుకుల పేర్లే ఎక్కుతాయి, కూతుళ్ల సంతకాలుండవు. ఒక వారసుడు ముంబైలో పనిలో ఉంటాడు.

కంపెనీ పట్టాదార్లతో రాసుకునే లీజు పత్రంలో రెండు చోట్ల జాగ్రత్త. కరెంటు కొనుగోలు ఒప్పందం సాధారణంగా 25 ఏళ్లు, ప్లాంటు మొదలయ్యిన రోజునుంచి లెక్క. లీజును కూడా సంతకం రోజునుంచి సరిగ్గా 25 ఏళ్లకే రాస్తే, కట్టడానికి పట్టిన ఏడాదిన్నర చివర్లో తగ్గిపోతుంది. రెండోది, లీజు హక్కును తాకట్టు పెట్టుకోవచ్చన్న మాట రాయకపోవడం. బ్యాంకు అడిగినప్పుడు మళ్లీ అందరి దగ్గరికీ పోవాలి, ఈసారి కౌలు పెంచమంటారు. పెంచమనక ఏంజేస్తారు?

బ్యాంకు వైపు పని పూర్తిగా పత్రాల్లో ఉంటుంది. ప్రాజెక్టు ఖర్చులో సుమారు 70-75 శాతం అప్పే కాబట్టి మొదటి విడత విడుదలకు ముందు షరతుల జాబితా ఒక్కొక్కటిగా టిక్ చేయాలి. కంపెనీ ఆస్తులపై చార్జిని (అప్పుకు హామీగా బ్యాంకుకున్న హక్కును) 30 రోజుల్లోపు రిజిస్టర్ చేయించాలి. కంపెనీ చేతులెత్తేస్తే బ్యాంకు ఇంకొకరిని ఆ స్థానంలో పెట్టే హక్కుకు కరెంటు కొనే డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) ఒప్పుకుందా చూడాలి. ఇంగ్లిష్ డ్రాఫ్టింగ్ గట్టిగా ఉంటేనే నిలబడతారు. డబ్బులు మాత్రం బాగుంటాయి.

ఇక్కడే ఉండి రిపోర్టులు రాయడం సుఖం, కానీ ఫీజు తక్కువ, బాధ్యత ఎక్కువ. తప్పు రిపోర్టుకు కుట్ర రుజువు కాకుండా క్రిమినల్ కేసు నిలవదని 2012లో హైదరాబాద్ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది, అయినా బ్యాంకు లాయర్ల ప్యానెల్ నుంచి పేరు పోవడం ఖాయం.

మా ఓటు: ముందు కంపెనీ, రెండు మూడేళ్లకు బ్యాంకు వైపు. పహాణీ చదివే చెయ్యి హైదరాబాద్ ఫర్మ్‌లలో దొరకదు, దాన్నే చూపి బేరమాడొచ్చు. తిరగేసి వెళ్తే ఏసీ గదినుంచి ఎండలోకి దిగడం చాలామందికి కుదరదు.

ఒక్క మినహాయింపు: జిల్లా జడ్జి పరీక్ష మీద మనసుంటే కంపెనీ వద్దు. పూర్తికాలం జీతానికి చేరితే బార్ కౌన్సిల్ 49వ నిబంధన ప్రకారం సనదు ఆపేయాలి, ఆ ఏళ్లు ఆ పరీక్షకు కావాల్సిన ఏడేళ్ల ప్రాక్టీసు లెక్కలోకి రావు.