ఇంటర్‌డెంటల్ బ్రష్: సైజు కుదిరితేనే కొన్నందుకు ఫలం

తేగల కాలం వచ్చిందంటే పళ్ల సందుల్లో పీచు ఇరుక్కోవడం ఖాయం. మిగతా రోజుల్లో ఆ లోటు విశాఖ బీచ్ రోడ్డు మూరీ మిక్చరూ, వేటమాంసం నారా తీరుస్తాయి. ఏది ఇరుక్కున్నా ముందు చేతికి తగిలేది పిన్నీసో, చీపురుపుల్లో, అగ్గిపుల్లో. పీచు వస్తే రావచ్చు, చిగురు కొస మాత్రం గీరుకుపోతుంది. పళ్ల సందుల కోసమే తయారైన వస్తువు ఇంటర్‌డెంటల్ బ్రష్. సన్నటి తీగ చుట్టూ నైలాన్ కుచ్చు, కింద ప్లాస్టిక్ పిడి. సీసాలు కడిగే బ్రష్‌కి చంటిపిల్ల అనుకోండి. డెంటిస్టులు దీన్నే 'ప్రాక్సా బ్రష్' అని కూడా అంటారు. మెడికల్ షాపులో రెండు పేర్లూ చెప్పి అడగండి, లేకపోతే మామూలు టూత్‌బ్రష్ చేతిలో పెడతారు.

అసలు దీని పని పీచు తీయడం కాదు. మామూలు బ్రష్ పంటికి బుగ్గవైపు, నాలుకవైపు, నమిలేవైపు తోముతుంది. పన్నూ పన్నూ ఆనుకునే రెండు పక్కలకీ దాని కుచ్చు చేరదు. అక్కడ పేరుకునే మెత్తటి పాచిలో లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేటు దిగి కొద్ది రోజుల్లోనే గట్టిపడతాయి. అదే గార. పాచిని ఈ బ్రష్ తీస్తుంది, గారని తీయలేదు. ఈ తేడా తెలియక 'నెల వాడినా పచ్చదనం పోలేదు' అని విసిరేసేవాళ్లు ఎక్కువ. గార ఉన్నవాళ్లు ముందు స్కేలింగ్ (డెంటిస్టు చేత గార తీయించడం) చేయించుకుని, ఆ తర్వాత బ్రష్ కొనాలి. రుషికొండ గీతం డెంటల్ కాలేజీలో గానీ, సంగివలస అనిల్ నీరుకొండ డెంటల్ కాలేజీలో గానీ చిగుళ్ల విభాగంలో చూపించుకోవచ్చు. స్కేలింగ్ చేస్తే పళ్లు వదులవుతాయన్న భయం మన దగ్గర బాగా పాతుకుపోయింది. సందుల్ని గార నింపి ఉంచుతుంది, వాచిన చిగురు మరికొంత కప్పుతుంది. రెండూ పోయాక ఎప్పటినుంచో ఉన్న సందు బయటపడుతుంది, అంతే.

ఇక సైజు. ఈ వస్తువు మంచిదా కాదా అన్నది తేలేది ఇక్కడే. పళ్ల మధ్య సందులు అన్నీ ఒకేలా ఉండవు: ముందు పళ్ల దగ్గర ఇరుకు, దవడ పళ్ల దగ్గర వెడల్పు. అందుకే చాలామందికి కనీసం రెండు సైజులు కావాలి. టీపే కంపెనీ తీగ మందాన్ని బట్టి వాటికి రంగులు పెట్టింది: గులాబీ 0.4 మిల్లీమీటర్లు, నారింజ 0.45, ఎరుపు 0.5, నీలం 0.6, పసుపు 0.7, ఆకుపచ్చ 0.8. వేరే కంపెనీల రంగులు వీటితో కలవవు, కాబట్టి రంగు చూసి కాకుండా పెట్టె మీది అంకె చూసి కొనండి. సరైన సైజు లోపలికి వెళ్లేటప్పుడు కుచ్చు కొద్దిగా బిగువుగా తగలాలి, తీగ మాత్రం పంటికి రాసుకోకూడదు. ఏమీ తగలకుండా జారిపోతే చిన్నది, పాచి అక్కడే ఉంటుంది. తోస్తే గానీ వెళ్లకపోతే పెద్దది. తీగ వంగుతుంది, చిగురు నొచ్చుకుంటుంది. మొదటిసారి డెంటిస్టు చేత కొలిపించుకుంటే ఒకటి రెండు పెట్టెల డబ్బు మిగులుతుంది.

వాడాల్సింది రాత్రి, పళ్లు తోముకునే ముందు. చిగురు కొసకి ఆనించి, అడ్డంగా, నెమ్మదిగా దూర్చి, కుచ్చు పూర్తిగా అటు వెళ్లేలా మూడు నాలుగు సార్లు ముందుకీ వెనక్కీ ఆడించాలి. ఇరుక్కుంటే మెలితిప్పొద్దు, వచ్చిన దారినే వెనక్కి లాగండి. దవడ పళ్లకి తిన్నటి పిడి కష్టం, ఎల్ ఆకారం పిడి హాయి. తిన్నటి దాన్నే వంచాలనుకుంటే మెడ దగ్గరి ప్లాస్టిక్‌ని వేలితో కొంచెం వంచండి. తీగని మొదలు దగ్గర పదేపదే వంచితే విరిగి సందులో ఉండిపోతుంది. పేస్టు అక్కర్లేదు. ఇంప్లాంట్ (ఎముకలో బిగించిన కృత్రిమ పన్ను) ఉన్నవాళ్లు ప్లాస్టిక్ పూత తీగ ఉన్నదే అడగాలి.

విశాఖ గాలిలో తేమకి ఇంకో చిక్కు ఉంది. కంపెనీ ఇచ్చే మూత అందంగా ఉంటుంది గానీ, తడి బ్రష్ మీద బిగిస్తే లోపల ఆరదు. కడిగి, విదిలించి, కుచ్చు పైకి ఉండేలా గ్లాసులో నిలబెట్టండి, మూత ప్రయాణంలోనే. కుచ్చు చెదిరినా, తీగ వంకరపోయినా పారేయాల్సిందే. రోజూ వాడితే వారం పది రోజులకి మించి ఆశించకండి. నెలకి లెక్కేస్తే టూత్‌బ్రష్ కన్నా ఎక్కువే అవుతుంది, ఈ వస్తువు మీద ఉన్న న్యాయమైన ఫిర్యాదు ఇదొక్కటే.

వాడటం మొదలుపెట్టాక రక్తం కనిపిస్తే చాలామంది ఆపేస్తారు. అది చిగురు వాచిందన్న గుర్తు. సైజు సరైనదైతే రోజూ వాడుతుంటే ఒకటి రెండు వారాల్లో తగ్గుతుంది. తగ్గకపోతే, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లు, డెంటిస్టుకి చూపించాలి. పొగ తాగేవాళ్ల లెక్క వేరు: నికోటిన్ రక్తనాళాల్ని కుదించడంతో చిగురు లోలోపల పాడవుతున్నా రక్తం అంతగా రాదు. మన తీరంలో నిప్పు కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే పెద్దవాళ్లుంటే, చిగుళ్లతో పాటు అంగిలి కూడా చూడమని డెంటిస్టుని అడగండి.

సందులే లేని బిగుతు పళ్ల కుర్రకారుకి ఇది దండగ, ఫ్లాస్ దారం చాలు. మరి ఏం తిన్నా అదే ఒక్క సందులో ఇరుక్కుంటోందంటే ఏ సైజు బ్రష్షూ దానికి మందు కాదు. పన్ను పక్కన పుచ్చో, ఫిల్లింగ్ అంచు విరగడమో, రెండు పళ్లు ఎడం కావడమో అయ్యుంటుంది. ఎక్స్‌రే తీయించండి.