ఇరవై సెకన్ల పందెం, దానికి ముందు ఒక్క నిమిషం

హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం నుంచి ఖిలా వరంగల్‌లోని కాకతీయ తోరణాల దాకా వెళ్లి తిరిగి వచ్చే ఆదివారపు సామూహిక సైకిల్ యాత్రలో ఈసారి నిర్వాహకులు ఒక ఇండోర్ బైక్ స్ప్రింట్ పందెం కూడా పెట్టారు. స్టేడియం ప్రాంగణంలో షామియానా వేసి, దాని కింద రెండు జిమ్ సైకిళ్లను పక్కపక్కన నిలిపి, వాటికి ఎదురుగా పెద్ద తెర కట్టి, 20 సెకన్లలో ఎవరు ఎక్కువ దూరం తొక్కితే వారు గెలిచినట్టు అన్నారు. యాత్రకు వంద రూపాయలు కట్టినవారికి పందెం ఉచితం. కట్టనివారు వచ్చి అడిగినా కాదనలేదు. నేనూ మా మేనకోడలూ యాత్ర ముగించుకొని వచ్చి దాదాపు గంటన్నర ఆ షామియానా కిందే ఉన్నాము. నేను ఒకసారి తొక్కాను, ఆమె రెండుసార్లు తొక్కింది, మిగిలిన సమయమంతా ఇతరులు తొక్కుతుంటే చూశాను. ఇది ప్రతి యాత్రలోనూ ఉండవలసిన పందెమని నా అభిప్రాయం. అయితే ఆ 20 సెకన్లకు ముందు ప్రతి మనిషికీ ఇవ్వవలసిన ఒక్క నిమిషాన్ని నిర్వాహకులు వదిలేశారు. నాకు కనిపించిన లోపాలలో చాలా వాటికి మూలం అదే.

ముందు మంచి చెప్పాలి. 2018లో ఐక్యరాజ్యసమితి జూన్ 3ను ప్రపంచ సైకిల్ దినోత్సవంగా ప్రకటించింది. 2024 డిసెంబరులో ఢిల్లీలో ఫిట్ ఇండియా వారి ఆదివారపు సైకిల్ యాత్రలు మొదలయ్యాయి. మన దగ్గర కూడా ఇటువంటి యాత్రలు జరుగుతున్నాయి గాని, వాటికి వచ్చేది సొంత సైకిల్ ఉన్నవారు, ఎంజీఎం ఆసుపత్రి ముందు ఆటోల మధ్య, బస్సుల మధ్య తొక్కగల ధైర్యం ఉన్నవారు మాత్రమే. మిగతావారు గేటు దగ్గర నిలబడి చూసి వెళ్లిపోతారు. ఈ పందెం ఆ మిగతావారిని లోపలికి తీసుకువచ్చింది. ఉదయపు నడకకు వచ్చిన మహిళలు, పిల్లలను ఆటల శిక్షణకు దింపడానికి వచ్చిన తల్లిదండ్రులు, గేటు బయట కొబ్బరిబోండాలు కొట్టే యువకుడు కూడా వరుసలో నిలబడ్డారు. యాభై ఏళ్లు దాటిన ఒకావిడ చెప్పులు పక్కన విడిచి, కొంగు నడుముకు బిగించి దోపుకొని, పదో తరగతి తర్వాత సైకిల్ ముట్టలేదని చెబుతూనే ఎక్కి 20 సెకన్లు ఆపకుండా తొక్కారు. దిగేటప్పటికి ఆవిడ ముఖం వెలిగిపోతున్నది. రోడ్డు మీద పడిపోతానన్న భయం, వెనుక నుంచి హారన్ మోత, ఎవరికైనా అడ్డం వస్తానన్న సంకోచం, ఇవేవీ లేకుండా ఒళ్లు దాచుకోకుండా తొక్కే అవకాశం ఆవిడకు ఎన్నాళ్ల తర్వాత దొరికిందో. ఆ ఒక్క దృశ్యం కోసమైనా ఈ పందెం పెట్టినవారికి కృతజ్ఞతలు చెప్పాలి.

ఇటువంటి పందెం పైకి కనిపించేంత తేలిక కాదు. కండరాలలో అప్పటికప్పుడు వాడుకోవడానికి సిద్ధంగా ఉండే శక్తి నిల్వ పది సెకన్ల లోపే తరిగిపోతుంది. ఆ తర్వాతి పది సెకన్లు తొడలు మండుతుండగా తొక్కవలసిందే. జిమ్ సైకిల్ ముందుభాగంలో ఉండే బరువైన ఇనుప చక్రం, అంటే ఫ్లైవీల్, నిలకడగా ఉన్న స్థితి నుంచి వేగం అందుకోవడానికే మొదటి మూడు నాలుగు సెకన్లు పోతాయి. వ్యవసాయ మోటారు వాడేవారికి హార్స్‌పవర్ లెక్క తెలిసే ఉంటుంది: ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. శిక్షణ లేని ఆరోగ్యవంతుడైన యువకుడు కూడా రెండు మూడు సెకన్ల పాటు దాదాపు అంత శక్తిని కాళ్లతో పుట్టించగలడు. ప్రపంచ స్థాయి ట్రాక్ సైకిల్ స్ప్రింటర్లు 2,000 వాట్లు దాటిస్తారు. అంత బలం ఒక్కసారిగా మోకాళ్ల మీద, నడుము మీద పడే పని ఇది. అందుకే ఎక్కే ముందు సీటు ఎత్తు చూడాలి, పాదం పట్టీ బిగించాలి, రెండు నిమిషాలు మెల్లగా తొక్కించి కాళ్లను వేడెక్కించాలి. అది కుదరకపోతే కనీసం ఒక్క నిమిషమైనా ఇవ్వాలి. ఇక్కడ ఒకరు దిగగానే మరొకరిని ఎక్కించి, ఆ మనిషి పాదాలు పెడల్ మీద పెట్టేలోపే మూడు, రెండు, ఒకటి అని లెక్క మొదలుపెట్టారు.

మా మేనకోడలు తొమ్మిదో తరగతి చదువుతున్నది. ఆమెకు ముందు తొక్కినవాడు ఆరడుగుల యువకుడు. సీటు అతని ఎత్తులోనే ఉండిపోయింది. లెక్క పూర్తయిన ఏడెనిమిది సెకన్లకే, పెడల్ కిందికి వెళ్లినప్పుడు అందక ఆమె కుడి పాదం పట్టీలోంచి జారిపోయింది. మామూలు సైకిల్‌కు తొక్కడం ఆపితే పెడల్ ఆగుతుంది. ఇటువంటి జిమ్ సైకిల్‌కు ఫ్రీవీల్ ఉండదు కాబట్టి, ఫ్లైవీల్ తిరుగుతున్నంతసేపూ పెడళ్లు కూడా తిరుగుతూనే ఉంటాయి. తిరుగుతున్న ఆ పెడల్ ఆమె పిక్క ముందు ఎముకకు రెండుసార్లు తగిలింది. చర్మం చిట్లలేదు గాని, పెడల్ అంచు పళ్ల గుర్తులు నాలుగు వరుసగా ఎర్రగా పడ్డాయి. హ్యాండిల్ కింద ఉన్న ఎర్ర నాబ్‌ను గట్టిగా కిందికి నొక్కితే చక్రం వెంటనే ఆగుతుంది. ఆ సంగతి ఆమెకు గాని, అంతకు ముందు తొక్కినవారికి గాని ఎవరూ చెప్పలేదు. చివరికి ఒక వాలంటీర్ పరుగున వచ్చి నొక్కాడు. తెర మీద ఆమె దూరం 94 మీటర్ల దగ్గర ఆగిపోయింది.

అప్పుడు వరుసలో నిలబడిన ఒక పెద్దాయన ముందుకు వచ్చారు. అజంజాహి మిల్లులో పనిచేసినవారట; కరీమాబాద్ నుంచి మిల్లుకు షిఫ్టు షిఫ్టుకూ సైకిల్ మీదే పోయివచ్చేవారట. 1934లో పెట్టిన ఆ మిల్లు మూతబడి చాలా ఏళ్లయింది గాని, ఆయన కళ్లలో సైకిల్ లెక్క చెక్కుచెదరలేదు. "సీటు పైకున్నది తమ్మీ, పిల్లకు కాలు అందుతలేదు, నడుము అటు ఇటు ఊగుతున్నది, జూస్తలేవా? రెండు తూట్లు కిందికి దించు" అన్నారు. వాలంటీర్ సీటు కింది పిన్ను లాగి రెండు రంధ్రాలు దించాడు. పెద్దాయన అమ్మాయిని ఎక్కించి, మడమను పెడల్ మీద పెట్టించి, పెడల్‌ను అట్టడుగుకు తిప్పించి, కాలు సరిగ్గా నిటారుగా చాచుకునేదాకా చూశారు. ఆ తర్వాత మడమ తీసి పాదం ముందుభాగం పెట్టమన్నారు. అప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది, అదే సరైన ఎత్తు. పట్టీ తానే బిగించి, లేసు కొసలు బూటులోకి దోపి, "ఇగ తొక్కు బిడ్డా" అన్నారు. ఇదంతా నిమిషం లోపు పని. రెండోసారి ఆమె 171 మీటర్లు తొక్కింది.

నాబ్ విషయంలోనూ అదే తొందర. నొక్కితే చక్రాన్ని ఆపే ఆ ఎర్ర నాబ్‌నే తిప్పి బిగిస్తే తొక్కడం బరువవుతుంది, వదులు చేస్తే తేలికవుతుంది. నాబ్ ఎంత బిగిస్తే అంత మగతనమని యువకులు కొందరు పూర్తిగా తిప్పేసుకొని ఎక్కారు. వారి కాళ్లు మొదటి తొక్కుడులోనే బిగుసుకుపోయాయి. మరికొందరు పూర్తిగా వదులు చేసుకొని, సీటు మీద ఎగిరెగిరి పడుతూ కాళ్లు తిప్పారు గాని, ఆ తిప్పుడులో బలం లేదు. పెడల్ మీద పెట్టే బలమూ, నిమిషానికి తిరిగే చుట్ల సంఖ్యా రెండూ కలిస్తేనే శక్తి. మొదట కొంచెం బరువుగా అనిపించి, ఐదో సెకనుకల్లా నిమిషానికి 110 చుట్ల వేగం అందుకోగలిగేంత బిగువు చాలామందికి సరిపోతుంది. ఈ మాట మైకులో ఒక్కసారి చెప్పి ఉంటే, ఓడినవారు కూడా ఏదో నేర్చుకొని వెళ్లేవారు.

ఇక నాకు అన్నింటికంటే బాధ కలిగించిన విషయం, రెండు సైకిళ్లూ సమానం కాకపోవడం. నేను లెక్కపెట్టిన తొమ్మిది జోడీలలో ఏడింట ఎడమవైపు సైకిల్ ఎక్కినవారే గెలిచారు. మొదట యాదృచ్ఛికమనుకున్నాను. పందెం విరామంలో వాలంటీరును అడిగి రెండు ఫ్లైవీళ్లనూ చేత్తో తిప్పి చూస్తే కారణం అర్థమైంది. ఇవి అయస్కాంతంతో నిరోధం కలిగించే రకం కాదు. చక్రం మీద ఉన్నిపట్టీ ఒకటి ఆనుకొని రాపిడితో నిరోధం పుట్టించే రకం. వాడగా వాడగా పట్టీ అరుగుతుంది, వరుసగా తొక్కుతుంటే వేడెక్కుతుంది, దానితో దాని పట్టు మారుతుంది. ఎడమ సైకిల్ పట్టీ బాగా అరిగి ఉన్నది. నాబ్‌ను రెండింటికీ ఒకే గుర్తు దగ్గర పెట్టినా, అక్కడ చక్రం ఇంకా తేలికగా తిరుగుతున్నది. పైగా తెర మీద కనిపించే దూరాన్ని లెక్కకట్టేది చక్రానికి అతికించిన చిన్న అయస్కాంతమూ, దాని ఎదుటి సెన్సరూ మాత్రమే. చక్రం ఎన్నిసార్లు తిరిగిందో సెన్సరుకు తెలుస్తుంది గాని, దానిని తిప్పడానికి ఎంత బలం పట్టిందో తెలియదు. అంటే నాబ్ ఎంత వదులైతే అంత దూరం వస్తుంది, గెలుపు కాళ్లకంటే ముందు పట్టీ మీద ఆధారపడుతుంది. ఉదయం ఏడున్నరకు తొక్కినవారి దూరాలనూ తొమ్మిదికి తొక్కినవారి దూరాలనూ ఒకే పట్టికలో రాసి బహుమతులు ప్రకటించడం ఈ కారణం చేత కూడా సరైనది కాదు.

ఖరీదైన యంత్రాలు తెమ్మని నేను అనడం లేదు. ఒక్కొక్క జోడీని రెండుసార్లు తొక్కించి, రెండోసారి సైకిళ్లు మార్పించి, రెండు దూరాలూ కలిపి చూస్తే ఈ తేడా చాలావరకు తీరిపోతుంది. వరుస పొడవుగా ఉంటే కనీసం చివరి పోటీలకైనా ఇలా చేయవచ్చు. నేను ఈ సంగతి చెప్పగానే బాధ్యుడైన యువకుడు విసుక్కోకుండా విని, మహిళల చివరి పోటీని అలాగే జరిపించాడు. మొదటిసారి 12 మీటర్ల తేడాతో ఓడిన అమ్మాయి సైకిళ్లు మారాక 15 మీటర్ల తేడాతో గెలిచింది, మొత్తం మీద విజేత ఆమే అయింది. చప్పట్లు ఆగలేదు.

తెర పక్కన ఒక పెద్ద పోస్టరు పెట్టారు: 2024 పారిస్ ఒలింపిక్స్‌లో నెదర్లాండ్స్ సైక్లిస్టు హ్యారీ లవ్‌రేసన్ 200 మీటర్లను 9.088 సెకన్లలో పూర్తి చేసి ప్రపంచ రికార్డు సృష్టించాడని, దానిని దాటగలరా అని. ఉత్సాహపరచడానికి పెట్టినదే కావచ్చు గాని, ఆ పోలిక తప్పు దారి పట్టిస్తుంది. ఆయన ఆ 200 మీటర్లను నిలబడ్డ చోటు నుంచి మొదలుపెట్టలేదు. ట్రాక్ మీద ముందుగానే వేగం అందుకొని, గీత దాటినప్పటి నుంచి మాత్రమే సమయం లెక్కిస్తారు. గంటకు 79 కిలోమీటర్ల పైచిలుకు వేగంలో ఎదురుగాలితోనే అసలు యుద్ధం. షామియానా కింద గాలి అడ్డు లేదు, శరీర బరువు అడ్డు లేదు. గుట్ట ఎక్కేటప్పుడు బరువైన మనిషిని వెనక్కి లాగే భారం ఇక్కడ కండబలంగా ఉపయోగపడుతుంది. దాని బదులు 2019లో జర్మనీలో జరిగిన జూనియర్ ప్రపంచ ట్రాక్ పోటీలలో టీమ్ స్ప్రింట్ స్వర్ణం గెలిచిన మన కుర్రాళ్ల ఫొటో పెట్టి ఉంటే ఎంత బాగుండేది. అందులో అండమాన్ కుర్రాడు ఈసో ఆల్బెన్, మణిపూర్ కుర్రాడు రొనాల్డో సింగ్ ఉన్నారు. వెలోడ్రోమ్, అంటే సైకిల్ పందేల ట్రాక్, చూడాలంటే హైదరాబాద్‌లోని ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వెళ్లవలసిన మన పిల్లలకు, ఇటువంటి ఊళ్ల నుంచే వాళ్లు అక్కడికి చేరారని తెలియడం అవసరం.

దిగిన తర్వాతి సంగతి కూడా చెప్పాలి. బలమంతా పెట్టి తొక్కి ఒక్కసారిగా ఆగితే, కాళ్లలోకి చేరిన రక్తం వెంటనే పైకి రాక కళ్లు తిరుగుతాయి. కనీసం రెండు నిమిషాలు నాబ్ వదులు చేసి మెల్లగా తొక్కుతూ ఉండాలి. వెనుక వరుస తోస్తుండటంతో అందరినీ వెంటనే దింపేశారు. ఒక యువకుడు దిగి నాలుగడుగులు వేసి తూలి కూలబడ్డాడు. పందేనికి ముందే పూరీలు తిన్నాడేమో, వాంతి కూడా చేసుకున్నాడు. వాలంటీర్లు గ్లూకోజు నీళ్లు తెచ్చి, కాళ్లు ఎత్తిపెట్టి పడుకోబెట్టి చక్కగా చూసుకున్నారు. కాని ప్రథమ చికిత్స బల్ల స్టేడియం అవతలి గేటు దగ్గర ఉన్నది. రక్తపోటు ఉన్నదా, గుండె జబ్బు ఉన్నదా అని ఎక్కేముందు ఒక్క ప్రశ్న కూడా ఎవరినీ అడగలేదు. ఆ మిల్లు పెద్దాయన తనంతట తానే పందెంలో పాల్గొనకుండా ఐదు నిమిషాలు మెల్లగా తొక్కి దిగారు గనుక సరిపోయింది. ఆ వయసు వారిని పూర్తి స్ప్రింట్‌కు పిలవకూడదు. వారికి వేరే చిన్న వరుస పెట్టి నింపాదిగా తొక్కనివ్వాలి.

వెళ్లదలచినవారికి నా సూచనలు ఇవి: యాత్ర నుంచి రాగానే అల్పాహారం బల్ల వైపు పోకుండా నేరుగా షామియానాకు వెళ్లండి, అరటిపండు, రాగిజావ తర్వాత తాగవచ్చు. చున్నీ, కొంగు, ప్యాంటు అంచు చక్రం వైపు వేలాడకుండా బిగించుకోండి. ఎవరూ అడగకపోయినా సీటు ఎత్తు మీరే అడిగి మార్పించుకోండి, ఎర్ర నాబ్ నొక్కి చూసి ఆగుతుందని నిర్ధారించుకున్న తర్వాతే సరే అనండి. పిల్లలు నాలుగున్నర అడుగుల కంటే పొట్టిగా ఉంటే ఈ సైకిళ్లు వారికి సరిపోవు, సీటు ఎంత దించినా కాలు అందదు.

మేము బయలుదేరే వేళకు పందెం ముగిసి తెర విప్పుతున్నారు. ఆ బాధ్యుడైన యువకుడు మాత్రం ఎడమ సైకిల్ పక్కన గొంతుకూర్చొని, సీటు గొట్టానికి తెల్ల టేపు చుట్టి, ఏ రంధ్రం ఎంత ఎత్తు మనిషికో మార్కర్‌తో రాస్తున్నాడు. పెద్దాయన పక్కన నిలబడి ఒక్కొక్క రంధ్రం చూపిస్తూ చెబుతున్నారు. మా మేనకోడలు తిరిగి వెళ్లి, తన ఎత్తు ఐదడుగుల ఒక అంగుళమని చెప్పి, పైనుంచి నాలుగో రంధ్రం దగ్గర ఆ అంకె రాయించి వచ్చింది.